గాజులో దూరని బంతి

బంతుల కంపెనీ ఉత్తరాల విభాగం వారికి,

నమస్కారం.

మా ఇంట్లో ఒక కుక్క ఉంది. నా భార్య పెంచింది. పేరు సూపర్‌వైజర్. ఎవరు పని చేస్తున్నా వెనకాలే వచ్చి కూర్చుని చూస్తుంది, తను మాత్రం ఏ పనీ చెయ్యదు కనుక ఆమె ఆ పేరు పెట్టింది.

పోయిన వారం దానికి పాత రబ్బరు బంతి విసిరాను. పరిగెత్తి అందుకుంది గాని నా దగ్గరికి తేలేదు. ముందు గదిలో ఖాళీ కుర్చీ కిందికి పట్టుకుపోయి నమిలింది. బంతి గొంతుకి అడ్డం పడింది. వేళ్ళు పెట్టి లాగాను. బంతి వచ్చింది. నా చేతికి గాట్లు పడ్డాయి. దోషం దానిది కాదు, బంతిది.

నేను పైపుల ఫ్యాక్టరీలో గేజ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. మా పనిలో ఏ వస్తువుకైనా రెండు రింగులు ఉంటాయి. ఒకదానిలో వస్తువు దూరాలి. రెండోదానిలో దూరకూడదు. దూరకూడని రింగులో దూరిన వస్తువు చెత్తబుట్టకే. బంతి విషయంలో నాకు రెండో రింగే ముఖ్యం.

కుక్క నోటి కొలత కోసం స్కేలు, చెంచా, నా పాత పనిముట్లు అన్నీ ప్రయత్నించాను. నోరు తెరవలేదు. తలుపు పక్కన మేకుకి దాని గొలుసుతో పాటు ఒక గాజు వేలాడుతూ ఉంటుంది. అది చూపించగానే తెరిచింది. గాజు దవడ పళ్ళు దాటి లోపలికి పోలేదు. కనుక ఈ గాజులోంచి దూరిపోయే బంతి ఏదీ మా ఇంటికి పనికిరాదు.

అంకెలు చేతులు మారితే మారిపోతాయి. రింగు మారదు. అసలు రింగు అవతలివారికి పంపి, నకలు మన దగ్గర ఉంచుకోవడం మా ఫ్యాక్టరీ పద్ధతి. ఆ ప్రకారమే తీగతో నకలు చేసుకుని గాజును ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కొలుచుకుని వెంటనే తిప్పి పంపండి.

భవదీయుడు,
రిటైరైన గేజ్ ఇన్‌స్పెక్టరు

తా.క.: మీ పెట్టెల మీద కుక్క బరువెంత అని అడుగుతున్నారు. బరువు చూసి గొంతు చెప్పలేం.

*

ఇన్‌స్పెక్టరుగారికి, ఉత్తరాల బల్ల నుంచి గుమస్తా నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను సార్. మాకొచ్చే ఉత్తరాల్లో సగం, ఎరుపు అడిగితే నీలం పంపారేమని. ఆ మాట అడిగేది యజమాని, కుక్క కాదు. కుక్క గొంతు గురించి రాసినవారు మాత్రం మీరే మొదలు.

అడక్కపోయినా నాలుగు ముక్కలు చెబుతాను, ఏమనుకోకండి. టెన్నిస్ బంతి వద్దు. దాని మీది నూగుకి మట్టి పట్టిందంటే గరుకు కాగితమే, పళ్ళు అరిగిపోతాయి. గోటితో నొక్కితే బంతి కొంచెం లొంగాలి. రాయిలా ఉంటే పన్ను విరుగుతుంది. కీచుమనేది వద్దు. ఆ కీచు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలని కుక్క దాన్ని కోసి, లోపల ఉన్నది మింగేస్తుంది. ఒక్క చిల్లు ఉన్నది అసలే వద్దు, నాలుక పీల్చుకుని ఇరుక్కుంటుంది. అటొకటి ఇటొకటి చిల్లులుంటే గాలి ఆడుతుంది.

ఇక మీ గాజు సంగతి. మా ఆఫీసులో పద్ధతేమిటంటే, ఉత్తరం మేడ మీద నా బల్ల మీదికి వస్తుంది. దాంతో వచ్చిన వస్తువు కింద స్టోర్సుకి పోతుంది. అందుకని గాజుని నేను చూడలేదు. ‘బంతి కొలతకి’ అని చీటీ రాసి కిందికి పంపాను. అక్కడ పనిచేసే పెద్దాయన్ని అందరం మామయ్య అంటాం. కొలతంటే ఆయనకి ప్రాణం. చిల్లులవీ చూసి, సరిగ్గా సరిపోయే బంతి తీసి కట్టారు. అది పంపుతున్నాను. గాజు వెనకాలే వస్తుంది.

ఉంటాను మరి,
ఉత్తరాల గుమస్తా

తా.క.: మా సూపర్‌వైజరు కూడా అచ్చం అంతే సార్. ఆయన కంట పడకుండా ఈ ఉత్తరం నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తున్నాను.

*

ఉత్తరాల గుమస్తాగారికి నమస్కారం.

బంతి అందింది. తీగ రింగులో పెట్టి చూశాను. ఎక్కడా పట్టకుండా, ఎక్కడా వదులు లేకుండా జారిపోయింది. ఇంత కచ్చితంగా కొలిచి ఇంత కచ్చితంగా తప్పు చేయడం నేను ఇదివరకు చూడలేదు. మామయ్యగారికి చెప్పండి. దూరాలని కాదు, దూరకూడదని. బంతిని అటక మీద పెట్టాను.

గాజు రాలేదు.

గాజు ఇల్లు కదిలిన నాటి నుంచి సూపర్‌వైజర్ మేకు కిందే కూర్చుంటోంది. షికారు కోసమేమో అనుకుని గొలుసు తీసి చూపించాను. లేవలేదు. పశువుల డాక్టరు వచ్చి చూశారు. ఒళ్ళు చేస్తోందనీ, పరిగెత్తించకపోతే వెనక కాళ్ళు పట్టేస్తాయనీ అన్నారు. బంతి తెచ్చివ్వడం మానేసిన కుక్కని పరిగెత్తించడం ఎలాగో ఆయన చెప్పలేదు. నా మరదలు చెప్పింది. “మీరేమో మాట్లాడరు, అదేమో ఆడదు. ఇద్దరూ చెరో గోడకేసి చూస్తూ కూర్చుంటారు. మా ఇంట్లో పిల్లలున్నారు బావగారూ, నాకిచ్చెయ్యండి” అంది. నెలాఖరుకి వచ్చి తీసుకుపోతుందట. సరైన బంతి వస్తే ఆడుతుందని నేను చెప్పాను.

కనుక బంతి మార్చి పంపండి. గాజు మార్చకుండా పంపండి.

భవదీయుడు,
గేజ్ ఇన్‌స్పెక్టరు

తా.క.: బంతి మీద ‘నమలరాదు’ అని అచ్చువేశారు. కుక్కకి చదివి వినిపించాను.

*

ఇన్‌స్పెక్టరుగారికి, తలవంచుకుని గుమస్తా రాస్తున్నది.

చీటీలో ‘కొలతకి’ అని రాశాను గాని, దూరకూడదని రాయలేదు. పొరపాటు నాది. ఆ మాట మామయ్యకి చెబితే ఆయనకి పౌరుషం వచ్చింది. “దూరకూడదు, అంతేగా? ఇదిగో” అని లోపలికి పోయారు. ఏం తీశారో నేను చూసేలోపే లారీకి ఎక్కించేశారు. మా దుకాణం గుమ్మం ముందు, జనం చూడ్డానికి పెట్టే బంతి ఒకటి ఉంటుంది సార్. ఇప్పుడక్కడ లేదు.

రెండో సంగతి. మీ ఉత్తరంలో ‘తప్పు’ అనే మాట పడింది. ఆ మాటున్న ఉత్తరం ఏదైనా ఫిర్యాదు కిందే లెక్క. ఫిర్యాదు ఉత్తరం తాలూకు వస్తువు పరీక్ష గదికి పోతుంది. అలా మీ గాజు పోయింది. అక్కడి కుర్రాడు రాసిచ్చిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్నాను.

‘వచ్చిన వస్తువు కొరుకుడు రింగు. రంగు వెలిసింది. చాలా ఏళ్ళు వాడినట్టుంది. కొరికే యంత్రానికి పెట్టగా గాటు పడింది గాని విరగలేదు. మన సరుకుల జాబితాలో లేదు కనుక నకిలీ. వినియోగదారుడు మోసపోయాడు.’

నకిలీ సరుకుని తిప్పి పంపే పద్ధతి మాకు లేదు. గోతంలో వేసి శుక్రవారం బాయిలరులో కాల్చేస్తారు. ఎక్కడ కొన్నారో రాస్తే ఆ దుకాణంవాడి సంగతి చూస్తామని మేనేజరుగారు చెప్పమన్నారు.

సెలవు,
గుమస్తా

తా.క.: చదివి వినిపిస్తే సూపర్‌వైజర్ ఏమంది సార్? ఇక్కడ నోటీసు బోర్డు చదివి వినిపించినా ఎవరూ వినరు.

*

గుమస్తాగారికి,

పెద్ద బంతి అందింది. గుమ్మంలో దూరలేదు. ఆ మేరకు కొలత సరిపోయింది. వరండాలో ఉంది. పగలు సూపర్‌వైజర్ దాని నీడలో పడుకుంటోంది.

పరీక్ష గది అబ్బాయికి చెప్పండి. అది కొరుకుడు రింగు కాదు. నా భార్య గాజు. రోజూ సాయంత్రం కుక్కని తీసుకుని మైదానానికి వెళ్ళేముందు వేసుకునేది, రాగానే తీసి మేకుకి తగిలించేది. నేను కొన్నది కాదు. ఎక్కడిదని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

పోయిన చలికాలంలో ఆమె చనిపోయింది. మేకు మీద ఏది ఎక్కడుందో అక్కడే ఉంచాను. గాజుని అక్కడి నుంచి తీసింది మీ బంతి కోసమే.

నేను మోసపోలేదు. దయచేసి బాయిలరులో వెయ్యనివ్వకండి.

ఇన్‌స్పెక్టరు

తా.క.: పెద్ద బంతికి చిల్లులు లేవు. అయినా మింగే ప్రమాదం కనిపించడం లేదు.

*

బాబాయిగారూ,

ఇలా పిలవచ్చో లేదో తెలియదు. సార్ అని మొదలుపెడితే కలం కదల్లేదు.

మీ ఉత్తరం చదివి అప్పటికప్పుడు కిందికి పరిగెత్తాను. దేవుడి దయవల్ల బాయిలరు పాడైంది. గోతం ఇంకా అక్కడే ఉంది. నేల మీద కుమ్మరించి వెతికాను. తోక లేని రబ్బరు ఎలకలు, పగిలిన పళ్ళేలు, ఎవరో పంపిన చెప్పు, అన్నీ ఉన్నాయి. మీ గాజు లేదు. పరీక్ష గది కుర్రాడు గోతంలోనే వేశానంటాడు. ఎవరో తీశారు. ఎవరో కనుక్కునేదాకా నేను ఊరుకోను.

ఈలోగా ఇంకో పని జరిగింది. మీ సంగతి విని మేనేజరుగారు నిజంగానే బాధపడ్డారు. ఆయన బాధపడితే ఏదో ఒకటి తయారు చేయిస్తారు. అచ్చుల షెడ్డుకి వెళ్ళి మేలురకం రబ్బరుతో గాజొకటి పోయించారు. “వద్దండీ” అన్నాను. “గాజు పోతే గాజే కదమ్మా ఇస్తున్నాం” అన్నారు. పుదీనా వాసన కూడా వేయించారు. అది కుక్కలకి మంచిదట. ఇందులో పెట్టి పంపమన్నారు, పంపుతున్నాను. చూడకుండా పక్కన పెట్టెయ్యండి బాబాయిగారూ.

ముఖం చెల్లని,
గుమస్తా

తా.క.: దీన్ని వేడినీళ్ళలో ఉడకబెట్టుకోవచ్చనీ, జీవితకాలం మన్నుతుందనీ రాయమన్నారు. రాయకూడదని నాకు తెలుసు. ఆయన నా వెనకాలే నిలబడి ఉన్నారు.

*

అమ్మా,

రబ్బరు గాజు అందింది. సూపర్‌వైజర్ వాసన చూసి తల తిప్పుకుంది. మేనేజరుగారికి నా ధన్యవాదాలు చెప్పండి. ఆయన ఉద్దేశం మంచిది.

ఇక బంతి గురించి శ్రమపడవద్దు. మరదలు శనివారం వస్తోంది. కుక్క సామాను ఒక పెట్టెలో సర్దాను. గిన్నె, దుప్పటి, గొలుసు. పెట్టెలో ఇంకా చోటుంది. గాజు దొరికి ఉంటే దాన్ని కూడా దాంతోనే పంపేవాణ్ణి. ఈ ఇంట్లో ఆ కుక్క నోరు తెరిచింది దానికొక్కదానికే.

నేను పెట్టె సర్దుతుంటే సూపర్‌వైజర్ వచ్చి వెనకాల కూర్చుంది. పని సరిగ్గా చేస్తున్నానో లేదో చూసింది. తర్వాత దుప్పటి బయటికి లాగి, దాని మీద పడుకుంది. మళ్ళీ సర్దలేదు.

ఇట్లు,
బాబాయి

తా.క.: తప్పు మీది కాదమ్మా. ఉత్తరం మేడ మీదికీ వస్తువు కిందికీ పోయే చోట ఎవరున్నా ఇంతే. ఆ మాట ఈ ఉత్తరంలోనూ పడింది. దీన్ని ఫిర్యాదుగా తీసుకోవద్దు.

*

బాబాయిగారూ, దొరికింది.

తీసింది మామయ్య. కాల్చేముందు గోతం ఒకసారి కెలికి చూడడం ఆయన అలవాటు. మీ గాజు కంటపడగానే “ఇది నకిలీ ఏమిట్రా, మన సరుకేగా” అని తీసి, స్టోర్సులో పాత నమూనాల పెట్టెలో పడేశారట. నన్నొకసారి అడిగితే చెప్పేవాణ్ణి కదా అంటున్నారు. అందర్నీ అడిగాను, ఆయన్ని తప్ప. ఇంకా పౌరుషంలో ఉన్నారేమోనని భయపడ్డాను.

ఎలా రాయాలో తెలియడం లేదు. పిన్నిగారి గాజు గాజు కాదు. పళ్ళొచ్చే వయసులో కుక్కపిల్లలు చెప్పులూ కుర్చీ కాళ్ళూ కొరక్కుండా, కొరుక్కోవడానికి మా కంపెనీవాళ్ళే ఒకప్పుడు చేసిన రింగు. తర్వాత చెయ్యడం మానేశారు. ఇప్పటి జాబితాలో అందుకే లేదు. ఆ పెట్టెలో అచ్చం అలాంటివి చాలా ఉన్నాయి. అన్నీ వెలిసిపోయాయి. అన్నిటికీ యంత్రం గాట్లున్నాయి. పైగా మామయ్య వాటన్నిటినీ కలిపి వేడినీళ్ళతో కడిగి తళతళలాడించారు. మీదేదో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అందుకని పెట్టెకి పెట్టే పంపుతున్నాను. మీరైతే గుర్తుపడతారు.

ఒక బంతి కూడా పెట్టాను. పెట్టెలోంచి ఒక రింగు మేడ మీద నా బల్ల మీదికి తెప్పించుకుని, నా చేత్తో నేనే చూశాను. ఎటు తిప్పినా దూరలేదు. గోటికి లొంగింది. అటూ ఇటూ చిల్లులున్నాయి. వస్తువూ ఉత్తరమూ ఒకే బల్ల మీద కూర్చోవడం మా ఆఫీసులో ఇదే మొదటిసారి. సూపర్‌వైజరుగారు వచ్చి వెనకాల నిలబడి చూశారు.

మీ అమ్మాయిలాంటి,
గుమస్తా

తా.క.: మామయ్య అడగమన్నారు. కుక్కపిల్లల రింగుని పిన్నిగారు చేతికెందుకు వేసుకునేవారు? ఇన్నేళ్ళలో అలా వేసుకున్నవాళ్ళ గురించి ఆయన వినలేదట.

*

అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

పెట్టె శనివారం వచ్చింది. మరదలు అప్పటికే వచ్చి, ముందు గదిలో కూర్చుని ఉంది. రింగులన్నీ నేల మీద వరసగా పెట్టాను. ఉద్యోగమంతా ఒకలా కనిపించే వస్తువుల్లో తేడా పట్టడమే నా పని. పట్టలేకపోయాను. మరదలు ఒకటి తీసి “ఇదే బావగారూ, మా అక్కది నాకు తెలియదా” అంది. కాసేపటికి ఇంకోటి తీసి “కాదు, ఇది” అంది.

మేకు కింద నుంచి సూపర్‌వైజర్ లేచింది. వరస పొడుగునా వాసన చూసుకుంటూ వెళ్ళింది. చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మధ్యలో ఒకటి నోట పట్టుకుంది. కుర్చీ కిందికి పోతుందనుకున్నాను. నా దగ్గరికి వచ్చింది.

చెయ్యి చాపాను. ఇవ్వలేదు. రింగుని నా వేళ్ళ మీదికి తోసింది. తీసుకోబోతే లాక్కుని మళ్ళీ తోసింది. నాకు అర్థం కాలేదు. “వేసుకోమంటోంది బావగారూ” అంది మరదలు.

వేసుకోబోయాను. పిడికిలి దగ్గర ఆగిపోయింది. నా చేతికి అది దూరకూడని రింగు. మరదలు వంటింట్లోంచి సబ్బు తెచ్చింది. తోలు కొంత లేచింది గాని, దూరింది.

ముగ్గురం మైదానానికి వెళ్ళాం. నువ్వు పంపిన బంతి విసిరాను. సూపర్‌వైజర్ పరిగెత్తింది. పెరిగిన ఒంటితో ఊగుతూ పరిగెత్తింది. బంతి తెచ్చి, గాజున్న చేతిలో పెట్టింది. ఈసారి రెండో చేత్తో విసిరాను. తెచ్చి గాజున్న చేతిలోనే పెట్టింది. మరదలు విసిరింది. ఆమెని దాటుకుని వచ్చి నా చేతిలో పెట్టింది.

మామయ్యగారి ప్రశ్నకి జవాబు ఇదే. పిల్లగా ఉన్నప్పుడు అది ఆ రింగు కోసం ఎక్కడికైనా వచ్చేది. కనుక ఆమె దాన్ని చేతికి వేసుకుంది. బంతి ఏ చేతికి తెచ్చివ్వాలో దానికి అలా నేర్పింది. నేను ఇన్నాళ్ళూ బంతినే అనుమానించాను.

 తిరిగి వచ్చాక మరదలు కుక్క సామాను పెట్టెలోంచి గిన్నె తీసి, కడిగి, వంటింట్లో దాని చోట పెట్టింది. వెళ్ళేటప్పుడు పెద్ద బంతిని పిల్లల కోసం అడిగింది. ఇచ్చాను. వాళ్ళ గుమ్మంలోనూ దూరలేదని కబురు పంపింది.

మిగిలిన రింగులు తిప్పి పంపుతున్నాను. నీ బంతి బాగుంది. ఎటు తిప్పినా గాజులో దూరడం లేదు.

ఉంటాను,
బాబాయి

తా.క.: గాజు చేతి నుంచి రావడం లేదు. సబ్బు రాశాను, నూనె రాశాను. దూరుతుంది గాని తిరిగి రాదు. అలాంటి గేజు మా ఫ్యాక్టరీలో లేదు. మైదానంలో నలుగురూ నా చేతి వైపు చూస్తున్నారు. తీసే ప్రయత్నం మానేశాను.